ఏమీ కాదని చూసి చెప్పండి

పోయిన నెలలో మా పిన్ని గడ్డ రిపోర్టు వచ్చింది. భయపడాల్సిందేమీ లేదు, అది మామూలు తిత్తి, అంటే సిస్టేనని రాశారు. ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మా చిన్నాన్న అన్నాడు: "ఏం లేదని నేను మొదటే చెప్పలా? ఇన్నాళ్ళు తిరిగారు, డబ్బులు పోశారు. తేలిందేంది? ఏం లేదనే గదా!"

ఆయన కోపంగా అనలేదు. గండం గడిచిందన్న సంతోషంలోనే అన్నాడు. నేనూ నవ్వి ఊరుకున్నాను. కానీ ఇంటికొచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఆయన అన్న 'ఏం లేదు'కీ, డాక్టరమ్మ చెప్పిన 'ఏం లేదు'కీ తేడా ఏమిటో ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెప్పాలంటే ఆ గడ్డ లేచిన చోటు గురించి, యోని గురించి ఆయన ముందు మాట్లాడాలి. ఇరవై రెండేళ్ళుగా హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నాను. అయినా నోరు పెగల్లేదు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. పిన్నిని అడిగే రాస్తున్నాను. "ఊరి పేరు రాయబాక, మిగతాదంతా రాసుకో" అంది.

కడుపునొప్పి అని రాయించుకున్న గడ్డ

పిన్నికి యాభై ఎనిమిదేళ్ళు. నెల్లూరు జిల్లాలో వింజమూరు దగ్గర పల్లె. నెలసరి ఆగిపోయి ఏడెనిమిదేళ్ళయింది. షుగరుంది, మాత్రలు వేసుకుంటుంది. సంక్రాంతికి మేమందరం వెళ్ళినప్పుడు అరిసెలు వత్తుతూ పీట మీద ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. కాసేపటికి లేచి నిలబడి వత్తడం మొదలుపెట్టింది. ఏమైందని అడిగితే, "ఏం లేదు మే, వేడి చేసింది" అంది. మన ఇళ్ళల్లో 'వేడి చేసింది' అన్న మాటకి తిరుగులేదు. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చి ఊరుకున్నాం.

తర్వాత తెలిసింది ఇది. కింద ఎడమ పక్క నిమ్మకాయంత వాపు. సెగ గడ్డ అనుకుని సున్నం, బెల్లం కలిపి పట్టు వేసుకుంది. మోచేతి మీద వేసినా చురుక్కుమనే మందు అది. ఆ లేత చర్మం పొక్కిపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరుకి "గజ్జల్లో సెగ గడ్డ లేచింది" అని చెప్పింది. ఆయన మూడు రోజులు ఇంజెక్షన్లు చేశాడు. తగ్గింది. శివరాత్రికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఇంజెక్షన్లు. నేను ఆర్‌ఎంపీని తప్పు పట్టను. ఆయనకి చెప్పింది గజ్జ, వాచింది ఇంకో చోటు. ఆ రెండు చోట్లకీ మధ్య ఉన్నది జానెడు దూరమే అయినా, వైద్యంలో అది చాలా దూరం.

రెండోసారి తగ్గకపోయేసరికి నెల్లూరు తీసుకొచ్చాను. ఆ ఆసుపత్రి పేరు నాకు అనవసరం, ఎక్కడికెళ్ళినా దాదాపు ఇదే పద్ధతి. కౌంటర్లో కుర్రాడు పెన్ను పట్టుకుని తల ఎత్తకుండా, "ఏం కంప్లైంటమ్మా?" అని గట్టిగా అడిగాడు. మా వెనక పదిహేను మంది ఉంటారు. సగం మంది మగవాళ్ళు. పిన్ని ఒక్క క్షణం నా మొహం చూసింది. "కడుపులో నొప్పి" అంది.

ఆ కుర్రాడు అదే రాసుకున్నాడు. ఆ చీటీయే లోపలికి వెళ్ళింది. డాక్టరు చీటీ చదివి, చీర మీద నుంచే కడుపు నొక్కి చూసి, స్కానింగ్ రాశారు. స్కానింగ్‌లో గర్భసంచి, అండాశయాలు వయసుకి తగ్గట్టు ఉన్నాయి, కాలేయంలో కొంచెం కొవ్వుంది. గ్యాస్ మాత్రలు, ఆ మాటా ఈ మాటా. బయటకొచ్చాక పిన్ని ఆ ఫిల్ము కవరు ఒళ్ళో పెట్టుకుని, "అంతా బాగుండాదంట" అంది.

నేను అప్పుడు డాక్టరు గదిలోకి వెళ్ళలేదు, బయట మందుల లైన్లో ఉన్నాను. పిన్నిని ఇంట్లో దిగబెట్టి రావాలని తనతోపాటే బస్సెక్కాను. ఆత్మకూరు దాటేదాకా ఆమె ఒక తుంటి మీదే కూర్చుంది. చీకటి పడ్డాక, పక్క సీట్లో వాళ్ళు నిద్రపోయారని చూసుకుని, నా చెవి దగ్గరకి వంగి చెప్పింది: "డాక్టరు అక్కడ చూళ్ళేదు మే. నేను చెప్పలేదు."

చూస్తే రెండు నిమిషాలు

ఇది నాకు కొత్త కాకపోవడం వల్లే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నా రెండో కాన్పప్పుడు కుట్లు వేశారు. ఆరేడు నెలల తర్వాత ఆ కుట్ల దగ్గర శనగ గింజంత గట్టిగా తగిలింది. ముగ్గురు డాక్టర్ల దగ్గరకి వెళ్ళాను. ముగ్గురూ బల్లకి అవతలి నుంచే, "ఇన్ఫెక్షన్ అయుంటుంది" అని యాంటీబయాటిక్స్ రాశారు. మూడు కోర్సులు మింగాను. శనగ గింజ శనగ గింజలాగే ఉంది. నేను మాత్రం క్యాన్సరేమోనని పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చిన రాత్రులున్నాయి.

నాలుగో ఆవిడ నెల్లూరు పొగతోటలో పెద్దావిడ. నా మాట సగంలో ఉండగానే లేచి చేతులు కడుక్కుని, "పడుకో అమ్మా, చూద్దాం" అన్నారు. లైటు వేసి, చూసి, రెండు వేళ్ళతో తాకి చెప్పారు: కుట్లు వేసినప్పుడు పైచర్మం కొంచెం లోపల చిక్కుకుపోయి తిత్తి కట్టింది. చర్మం రోజూ రాల్చే పొట్టు బయటికి పోయే దారి లేక అందులో తెల్లగా, మెత్తగా చేరుతుంది. నలపొద్దు, సూదితో పొడవొద్దు. పెరిగినా, ఎర్రబడినా రా. మందులేం లేవు. రెండు నిమిషాలు పట్టిందేమో. పదిహేనేళ్ళు దాటింది, అది ఇంకా అక్కడే ఉంది. దాని గురించి నేను మళ్ళీ ఒక్క రోజు కూడా భయపడలేదు.

ఆ చోట వచ్చే తిత్తుల్లో ఎక్కువగా కనిపించేది ఈ రకమే. కత్తిగానీ టెస్టుగానీ అక్కర్లేకుండా, చూసిన కళ్ళకి తెలిసిపోయేది. అలాంటి దానికి మూడు కోర్సులు మింగించింది ఏ జబ్బూ కాదు, చూడకపోవడం.

తర్వాత నేను ఈ విషయం చదవడం మొదలుపెట్టాను. ఆశ్చర్యమేసింది. ఈ గడ్డల్లో చాలా వాటిని తేల్చడానికి ముందు కావాల్సింది మంచి లైటు, గ్లవ్స్ వేసుకున్న వేళ్ళు, నాలుగు ప్రశ్నలు. ఎక్కడ ఉంది అన్నదే సగం జవాబు చెబుతుంది. డాక్టర్లు ఆ చోటుని గడియారంలా ఊహించుకుంటారు, పైన 12, కింద 6. యోని ద్వారానికి రెండు పక్కలా, 4 దగ్గరా 8 దగ్గరా బఠాణీ గింజంత గ్రంథులు రెండున్నాయి, బార్తొలిన్ గ్రంథులు. మామూలుగా చేతికి తగలవు. తడినిచ్చే జిగురు వాటి నుంచి సన్నటి గొట్టంలో బయటికొస్తుంది. ఆ గొట్టం మూతి మూసుకుపోతే జిగురు లోపలే నిండి తిత్తవుతుంది. అందులో చీము పడితే నడవలేనంత, కూర్చోలేనంత నొప్పి. నూటికి ఇద్దరు ఆడవాళ్ళకి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందంటారు. అంటే మన ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఒకరిద్దరుండాలి. ఎవరి నోటా మనం వినలేదు.

మూత్రం వచ్చే రంధ్రం పక్కనే ఉబ్బితే అది ఇంకో గ్రంథి, స్కీన్ గ్రంథి. బయటి పెదవి పైభాగంలో, గజ్జ వైపు ఉబ్బితే దగ్గమంటారు. దగ్గినప్పుడు ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేదైతే గజ్జల్లోంచి దిగిన పేగు కావచ్చు. దాన్ని సెగ గడ్డ అనుకుని సూది పొడిస్తే ఏమవుతుందో ఆలోచించండి. గర్భిణికి నిలబడితే ఉబ్బి, పడుకుంటే తగ్గే నీలం రంగు మెత్తటి వాపైతే రక్తనాళాలు ఉబ్బినవి. పాత కుట్ల దగ్గర గడ్డ ప్రతి నెలసరికీ నొప్పి పుట్టి పెరుగుతుంటే, గర్భసంచి లోపలి పొర కణాలు అక్కడ నాటుకున్నాయేమోనని అనుమానిస్తారు. ముదురు ఎరుపులో, ఊదా రంగులో ఆవగింజల్లాంటి చుక్కలు చిన్న రక్తనాళాలు కావచ్చు. లేత పసుపు చుక్కలు అందరికీ ఉండే నూనె గ్రంథులు. మెత్తగా, చర్మం కింద కదిలేది కొవ్వు గడ్డ కావచ్చు.

వీటన్నిటికీ మన దగ్గర ఉన్న పేరు ఒక్కటే. గడ్డ.

నొప్పి గురించి కూడా మనకో లెక్కుంది. నొప్పి ఉంటే పెద్ద జబ్బు, నొప్పి లేకపోతే ఏం కాదు. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. హఠాత్తుగా లేచి, ఎర్రబడి, సలుపుతూ, జ్వరం తెచ్చేది చాలావరకు చీము గడ్డ. బాధ ఎక్కువ, కానీ దారి తెలిసిన బాధ. నొప్పి లేనివాటిలోనూ ఎక్కువ భాగం మంచివే. కానీ గట్టిగా, కదలకుండా, నెలనెలా పెరిగేది, పైన పుండై మానకుండా ఉండేది, రక్తం చెమర్చేది, రంగు మారేది, నెలల తరబడి వదలని దురద ఉన్న చోట లేచేది, వీటిని నొప్పి లేదని వదిలేయకూడదు. నలభై దాటాక కొత్తగా లేచిన బార్తొలిన్ గడ్డని అసలే వదిలేయకూడదు. ఆ గ్రంథిలో క్యాన్సర్ చాలా అరుదు. ఆ వయసులో మాత్రం ఆ అరుదైనది కాదని రుజువు చేసుకోవాల్సిందే. పిన్ని విషయంలో ఇన్నాళ్ళు తిరగడానికి కారణం అదీ.

పేరు లేని చోటు

బార్తొలిన్ పదిహేడో శతాబ్దంలో డెన్మార్క్‌లో ఉన్న శరీర శాస్త్రజ్ఞుడు. మా పిన్ని ఒంట్లో ఉన్న గ్రంథికి మూడు వందల ఏళ్ళ పైచిలుకు కిందటే ఎక్కడో ఉన్న మనిషి పేరు పెట్టారు. ఆ గ్రంథి ఉన్న చోటుకి మాత్రం పిన్ని దగ్గర పేరు లేదు. 'అక్కడ' అంటుంది. 'కింద' అంటుంది. తెలుగులో మాటలు లేవని కాదు. ఉన్నవాటిలో కొన్ని తిట్లు, కొన్ని సంస్కృతం. తిట్టుతో డాక్టరుకి చెప్పుకోలేం, సంస్కృతం పిన్నికి రాదు.

నేను పదో తరగతికి చెప్పే పాఠంలో స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ ఉంది. అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు, గర్భాశయం, యోని. ఏటా బోర్డు మీద వేస్తాను. గీత యోని దగ్గర ఆగిపోతుంది. యోని అంటే లోపలి దారి. బయట కనిపించే భాగం, పెద్ద పెదవులు, చిన్న పెదవులు, మూత్రద్వారం, ఇవేవీ ఆ బొమ్మలో లేవు. అమ్మాయిలు వాళ్ళ కళ్ళతో చూసుకోగలిగిన ఒకే ఒక్క భాగం బొమ్మలో లేదు, చూడలేనివన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళుగా నేనూ ఆ గీత అక్కడే ఆపాను. ఇది నా తప్పుగానే రాస్తున్నాను.

"వాళ్ళు చూడనివ్వరు మేడం"

నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఇప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు. పిన్ని సంగతి చెప్పి, "మీరెందుకు చూడరు?" అని కొంచెం గట్టిగానే అడిగాను. అతను నొచ్చుకోలేదు. "పొద్దున్నే ఎనభై మంది ఓపీ మేడం. గదికి తలుపుంది, గడియ లేదు. కర్టెన్ లేదు. ఆడమనిషి పక్కన లేకుండా నేను పరీక్ష చేయకూడదు, ఉన్న ఒక్క సిస్టరూ టీకాల దగ్గరుంటుంది. అన్నీ కుదిరి అడిగితే, వద్దు సార్, మాత్రలివ్వండి చాలు అంటారు. గట్టిగా చెబితే రేపు వాళ్ళాయన వస్తాడు, మా ఆవిడని ఏం చూస్తానన్నావని."

దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అతను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. చూడలేనప్పుడు, చూసే చోటికి పంపాలి. "నేను చూడలేదు, చూడకుండా చెప్పలేను, లేడీ డాక్టరుకి చూపించుకో" అన్న మాట చీటీ మీద రాసిస్తే చాలు. అదీ వైద్యమే. చూడకుండా మందు రాయడం వల్ల జరిగే నష్టమేమిటంటే, చూశారన్న నమ్మకంతో మనిషి ఇంటికెళ్ళిపోతుంది. పిన్ని ఆ ఫిల్ము కవరు పట్టుకుని అంతా బాగుండాదంట అన్నట్టు.

ఇంకో మాట కూడా అన్నాడతను, "మన ఆడవాళ్ళు చెప్పరు మేడం, మన ప్రాంతమే అంత" అని. అది మాత్రం ఒప్పుకోను. మన జిల్లాలోనే, పిన్ని ఊరికి ఎంతో దూరం లేని దూబగుంటలో 1992లో ఆడవాళ్ళు ఏం చేశారు? మొగుడు తాగొచ్చి కొట్టడం అంతకంటే సిగ్గైన విషయం ఆ రోజుల్లో. ఇంటి గుట్టు, బయటికి చెప్పకూడదు. అక్షర దీపం అనే అక్షరాస్యత కార్యక్రమం రాత్రి బడిలో నాలుగు అక్షరాలు నేర్చుకుని, తమ బతుకులాంటి కథ పాఠంలో చదివాక వాళ్ళే సారా కొట్టు ముందు నిలబడ్డారు. జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరుకి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పిన్ని కూడా ఆ అక్షర దీపం రాత్రి బళ్ళోనే లాంతరు ముందు కూర్చుని చదవడం నేర్చుకుంది. చెప్పలేని వాళ్ళు కాదు వీళ్ళు. చెప్పుకోవడానికి మాట, వినడానికి తలుపున్న గది దొరకాలి.

చూసుకోమంటే వచ్చిన చిక్కు

ఇక్కడ నా వాదన మీద నాకే వచ్చిన అనుమానం చెప్పాలి. ఒకప్పుడు నేను, "అద్దం పెట్టుకుని మీ ఒళ్ళు మీరు చూసుకోండి" అని మాకు తెలిసిన ఆడపిల్లలందరికీ చెప్పేదాన్ని. ఒంగోలులో ఉద్యోగం చేసే నా పాత విద్యార్థిని ఒకామె రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. పెళ్ళి కుదిరింది, ఇంకో నెలే ఉంది. అద్దంలో చూసుకుంటే లోపలి పెదవుల మీద సన్నటి మొటిమల్లాంటివి వరసగా కనబడ్డాయి. ఫోన్లో వెతికితే బొమ్మలొచ్చాయి, పులిపిర్లని, వైరస్ వల్ల వస్తాయని, కలయిక వల్ల అంటుకుంటాయని. "నేనేం తప్పు చేయలేదు టీచర్, ఎవరు నమ్ముతారు?" అంటూ ఏడుపు. అది విని నాకు చేతులాడలేదు. నేను చూసుకోమన్నందుకేనా ఈ పిల్లకి ఈ శిక్ష అనిపించింది.

మర్నాడు ఒంగోలు వెళ్ళి చర్మ వ్యాధుల డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాను. ఆవిడ లెన్సుతో చూశారు. జబ్బు కాదు, పుట్టుకతో కొందరి చర్మం అలాగే ఉంటుందన్నారు. తేడా ఎలా తెలుస్తుందని నేనే అడిగాను. వైరస్ పులిపిర్లు ఒకే మొదలు నుంచి గుత్తిగా లేస్తాయి, గరుకుగా ఉంటాయి, ఒక పక్క ఎక్కువ ఒక పక్క తక్కువ. ఇవి మెత్తగా, దేని మొదలు దానికే విడిగా, రెండు పక్కలా ఒకేలా ఉంటాయి. కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. ఆ పిల్ల ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఒకవేళ నిజంగా పులిపిర్లే అయినా అది ఎవరి శీలానికీ సర్టిఫికెట్ కాదు. వాటిని ఎక్కువగా తెచ్చే, హెచ్‌పీవీ అనే వైరస్‌లోని 6, 11 రకాలు క్యాన్సర్ తెచ్చేవి కాదు. భర్త నుంచి రావచ్చు, వచ్చిన నెలలకిగానీ బయటపడకపోవచ్చు. ఇది కూడా ఆ డాక్టరే చెప్పారు, పిల్ల అడక్కముందే.

ఆ రోజు నుంచి నేను మాట మార్చుకున్నాను. చూసుకోవాలి, నిజమే. మామూలుగా ఎలా ఉంటుందో ముందు తెలియాలి. ఒకరికీ ఇంకొకరికీ పోలిక ఉండదని, చుక్కలు, మడతలు, ఒక పెదవి పొడుగు ఒకటి పొట్టి, ఇవన్నీ మామూలేనని తెలియకుండా అద్దం ఇస్తే భయమే మిగులుతుంది.

ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త కావాలి. చూడమన్నాను కదా అని, కనబడిన ప్రతిదాన్నీ కోయమనడం లేదు. వయసులో ఉన్న అమ్మాయికి నొప్పి లేని చిన్న బార్తొలిన్ తిత్తి ఉంటే వదిలేయవచ్చు. కొంచెం ఇబ్బంది పెడితే గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో రోజుకి మూడు నాలుగు సార్లు కూర్చోమంటారు, చాలాసార్లు దానంతటదే కారిపోతుంది. చీము పడినప్పుడు ఊరికే గాటు పెట్టి వదిలేస్తే ఆ గాటు పూడి మళ్ళీ నిండుతుంది. అందుకే చిన్న బెలూన్ ఉన్న గొట్టం పెట్టి కొన్ని వారాలు ఉంచడమో, తిత్తి అంచుల్ని చర్మానికి కుట్టి కొత్త దారి తెరవడమో చేస్తారు. మళ్ళీ మళ్ళీ గడ్డలు లేచేవాళ్ళకి షుగర్ కూడా చూడాలి. షుగరున్నవాళ్ళకి ఆ చోట చీము త్వరగా పాకుతుంది. పిన్ని సున్నం పెట్టుకుని కూర్చున్న ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఒళ్ళో పెట్టుకున్న డబ్బా

బస్సులో పిన్ని చెప్పిన నాలుగో రోజుకి మళ్ళీ నెల్లూరు వచ్చాం, ఈసారి పొగతోటలోనే ఇంకో డాక్టరమ్మ దగ్గరకి. నన్ను చూసిన పెద్దావిడ ఇప్పుడు ప్రాక్టీసు చేయడం లేదు. ముందురోజు రాత్రి నేను ఒక చీటీ రాశాను. 'యోని ద్వారం పక్కన గడ్డ. ఎడమ వైపు. రెండు నెలలుగా, ఒకసారి తగ్గి మళ్ళీ వచ్చింది. వయసు 58, షుగరుంది. దయచేసి చూడండి.' కౌంటర్లో అమ్మాయి, ఏంటి సమస్య అని అడగగానే పిన్ని మాట్లాడకుండా చీటీ ముందుకి జరిపింది. ఆ అమ్మాయి చదివింది. పైకి ఏమీ అనలేదు. చీటీని ఓపీ కాగితానికి పిన్ను కొట్టి టోకెన్ ఇచ్చింది. అంతే. ఎవరికీ వినబడలేదు.

డాక్టరమ్మ చూశారు. బార్తొలిన్ గడ్డేనన్నారు, కానీ ఈ వయసులో తిత్తి గోడ నుంచి ముక్క తీసి పరీక్షకి పంపకుండా మాట ఇవ్వనన్నారు. 'ముక్క' అనగానే చిన్నాన్న మొహం మాడిపోయింది. కత్తి తగిలితే పాకుతుందని ఆయన భయం. మన వైపు ఆ భయం లేని ఇల్లు తక్కువ. క్యాన్సర్‌ని పాకించేది ముక్క తీయడం కాదు, పోగొట్టుకునే కాలం. డాక్టరమ్మ ఆ మాట ఆయనకి ఓపిగ్గా రెండుసార్లు చెప్పారు.

గడ్డ తెరిచి శుభ్రం చేసి, అంచులు కుట్టి, గోడ నుంచి చిన్న ముక్క తీశారు. ఆ ముక్కని ల్యాబుకి చేర్చే పని మాకిచ్చారు. మూత గట్టిగా బిగించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా, లోపల ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం. చిటికెన వేలి గోరులో సగం కూడా లేదు ఆ ముక్క. లేత గులాబీ రంగు, ఒక అంచు తెల్లగా. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా అది మెల్లగా తిరుగుతోంది. డబ్బా మీద పిన్ని పేరు, వయసు, 'ఎడమ' అన్న మాట. చిన్నాన్న దాన్ని నా చేతిలోంచి తీసుకుని ల్యాబు వచ్చేదాకా రెండు చేతులతో ఒళ్ళో పట్టుకున్నాడు. ఏం లేదని అన్న మనిషే.

తొమ్మిది రోజులకి రిపోర్టు వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన సరిగా అన్నం తినలేదని పిన్ని చెప్పింది. మరి ఏం లేదని ముందే తెలిస్తే ఆ తొమ్మిది రోజులు ఎందుకు తినలేదు? చిన్నాన్నా, మీకూ తెలియదు. ఎవరికీ తెలియదు. అదృష్టం కొద్దీ మీ మాట నిజమైంది. ఇదే గడ్డతో, ఇదే వయసులో ఇంకొకరికి రిపోర్టు ఇంకోలా వచ్చి ఉంటే, సంక్రాంతి నుంచి మనం పోగొట్టుకున్న రోజులు లెక్కలోకి వచ్చేవి. మనం తిరిగింది ఆ 'ఏం లేదు' అన్న మాటని డాక్టరు చూసి చెప్పడం కోసం.

మొన్న ఆదివారం పిన్ని ఫోన్ చేసింది. వాళ్ళ వీధిలో ఒకామెకి ఏదో ఉందట, రేపు నెల్లూరు వెళ్తోందట. "కౌంటర్లో నోరు తెరవదు ఆ పిల్ల, నాకు తెలుసు గదా. చీటీ రాసిస్తా ఉండా. విను" అని చదివింది: "బయటి పెదవి మీద గడ్డ. కుడి పక్క. మూడు నెలలుగా ఉండాది. నొప్పి లేదు, దురద ఉండాది. పడుకోబెట్టి చూడండి."

బాగుంది పిన్నీ, ఇంకేం కలపక్కర్లేదన్నాను. అందుకు ఫోన్ చేయలేదట. 'పడుకోబెట్టి'లో టకి ఒత్తు ఉంటుందా, ఉండదా అని అడగడానికి చేసిందట.